మత్తుకు మందు ఉంది, మన గడప దాకా రావడం లేదు

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మత్తు పదార్థాల మీద పనిచేసే పోలీసు విభాగానికి ఇప్పుడు ఒకటే పేరు, ఈగల్. ఆంధ్రప్రదేశ్‌లో అది 2024 చివర్లో ఏర్పడింది. తెలంగాణలో అప్పటికే ఉన్న యాంటీ నార్కోటిక్స్ బ్యూరోకు 2025 జూన్‌లో ఆ పేరు పెట్టారు. గంజాయి మూటలు, ముసుగులు వేసి నిలబెట్టిన కుర్రాళ్లు, వెనకాల బ్యానర్... ఈ ఫొటో మనకు అలవాటైపోయింది. అమ్మేవాళ్లను పట్టుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ఫొటోలో కనిపించని ఇల్లు ఒకటుంది. కొనుక్కుని తాగిన కుర్రాడి ఇల్లు. కేసు అయినా కాకపోయినా మర్నాడు పొద్దున ఆ ఇంట్లో లేచే ప్రశ్న ఒకటే: ఇప్పుడు వీణ్ని ఏం చేయాలి?

ఆ ప్రశ్నకు పోలీసుల దగ్గర జవాబు ఉండదు. అది వైద్యుల దగ్గర ఉండాలి. నిజానికి ఉంది కూడా. గత ముప్పై ఏళ్లలో మత్తు వ్యసనం మీద, దానితో కలిసి వచ్చే మానసిక జబ్బుల మీద బోలెడంత పరిశోధన జరిగింది. ఏ చికిత్స పనిచేస్తుంది, ఏది పనిచేయదు, ఏది ప్రాణం మీదికి తెస్తుంది అన్నది చాలావరకు తేలింది. తేలిన విషయం మన బస్తీలకు చేరలేదు, అంతే.

చేరకపోవడం ఏ స్థాయిలో ఉందో ప్రభుత్వ లెక్కే చెబుతుంది. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతా సర్వే చేసి 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం 10 నుంచి 75 ఏళ్ల వయసు వాళ్లలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వాళ్లలో 5.7 కోట్ల మందికి వైద్య సాయం కావాల్సిన స్థితి. ఓపియాయిడ్లు, అంటే హెరాయిన్, నల్లమందు, నొప్పి మాత్రల కుటుంబం వల్ల సాయం అవసరమైనవాళ్లు మరో 77 లక్షలు. మరి చికిత్స అందుతున్నది ఎందరికి? మద్యానికి పూర్తిగా బానిసైన 38 మందిలో ఒక్కరికి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవాళ్లు 180 మందిలో ఒక్కరు. షుగరు జబ్బుకో, గుండె జబ్బుకో ఇదే లెక్క వచ్చి ఉంటే దేశంలో గగ్గోలు పుట్టేది.

"మనలో తాగడం హరామ్ కదా, ఈ గొడవ మనది కాదు" అనుకునే పెద్దలు ఇంకా ఉన్నారు. హరామ్ అన్నమాట నిజమే. ఆ మాట వల్ల ఎంతోమంది అసలు మొదలే పెట్టకుండా ఆగిపోయారన్నదీ నిజమే. కానీ మొదలుపెట్టినవాడి విషయంలో అదే మాట ఇంకో పని చేస్తుంది, నోరు నొక్కుతుంది. పక్కింట్లో తెలిస్తే చెల్లెలి సంబంధం చెడుతుంది, జమాత్‌లో తెలిస్తే అబ్బా తలెత్తుకోలేడు. అందుకని అమ్మీకి అంతా తెలిసినా రెండేళ్లు దాస్తుంది. తర్వాత మూడు దారులు. పెళ్లి చేస్తే మారతాడని నిఖా చేయడం, ఒక అమాయకురాలి బతుకును చికిత్సగా వాడటం అన్నమాట. లేదంటే ఆమిల్ దగ్గరికో బాబా దగ్గరికో తీసుకెళ్లడం. ఈ రెండూ అయ్యాక ఊరి చివర ఎత్తు గోడల "సెంటర్"లో మూడు నెలలు పడేసి రావడం.

మూడో దారి గురించే ముందు మాట్లాడుకోవాలి. చూడ్డానికి అది వైద్యంలాగే కనిపిస్తుంది కాబట్టి.

శరీరం శుభ్రమైంది, ప్రమాదం పెరిగింది

సెంటర్‌లో పెట్టి మత్తు అందకుండా చేస్తే శరీరం కొన్ని రోజుల్లో శుభ్రపడుతుంది. దీన్నే డీటాక్స్ అంటారు. ఇంటివాళ్లు దీన్నే చికిత్స అనుకుంటారు. డాక్టర్ల లెక్కలో ఇది చికిత్సకు ముందు మెట్టు మాత్రమే. హెరాయిన్ కుటుంబానికి చెందిన మత్తుల విషయంలో ఈ ఒక్క మెట్టుతో ఆపేయడం ఎంత ప్రమాదమో లండన్ వైద్యులు 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆసుపత్రిలో చేరిన 137 మందిని వాళ్లు ఏడాది పాటు గమనించారు. వీళ్లలో 37 మంది డీటాక్స్‌తో పాటు మొత్తం కోర్సు చక్కగా పూర్తిచేసి ఇంటికెళ్లారు. డిశ్చార్జి అయిన నాలుగు నెలల్లో ముగ్గురు ఓవర్‌డోస్‌తో చనిపోయారు. ఆ ముగ్గురూ కోర్సు పూర్తిచేసినవాళ్లలోనే ఉన్నారు. మధ్యలో వదిలేసి వెళ్లిపోయినవాళ్లలో ఓవర్‌డోస్ చావు ఒక్కటీ లేదు.

విన్నప్పుడు తలకిందులుగా అనిపిస్తుంది గానీ కారణం సులువే. రోజూ వాడేవాడి శరీరం ఎక్కువ మోతాదును తట్టుకోవడం నేర్చుకుంటుంది. మూడు నాలుగు వారాలు ఆపితే ఆ తట్టుకునే శక్తి పోతుంది, మెదడులోని కోరిక మాత్రం పోదు. బయటికొచ్చిన వారానికో నెలకో పాత స్నేహితుడు కలుస్తాడు. పాత మోతాదే తీసుకుంటాడు. అంతకుముందు మామూలుగా ఉన్న ఆ మోతాదు ఇప్పుడు ఊపిరి ఆపేస్తుంది. "సెంటర్ నుంచి బాగైపోయి వచ్చాడు, ఏం రాసిపెట్టి ఉందో గానీ వారంలో పోయాడు" అని చెప్పుకునే చావుల వెనక ఇలాంటి లెక్క ఉండొచ్చు.

అదే ఏడాది స్వీడన్ నుంచి వచ్చిన ఇంకో పరిశోధన చిన్నదే గానీ వైద్యులు ఇప్పటికీ మర్చిపోనిది. హెరాయిన్‌కు బానిసైన 40 మందిని తీసుకుని, 20 మందికి బ్యుప్రెనార్ఫిన్ అనే మాత్ర రోజూ ఇచ్చారు. మిగతా 20 మందికి కొద్దిరోజులు ఆ మాత్ర తగ్గిస్తూ ఇచ్చి ఆపేసి, తర్వాత ఉత్తి మాత్ర ఇచ్చారు. కౌన్సెలింగ్ మాత్రం అందరికీ సమానం. ఏడాది తిరిగేసరికి మందు తీసుకున్నవాళ్లలో 75 శాతం ఇంకా చికిత్సలో ఉన్నారు. ఉత్తి మాత్ర వాళ్లలో ఒక్కరూ మిగల్లేదు, పైగా నలుగురు చనిపోయారు. మందు తీసుకున్నవాళ్లలో చావులు లేవు. మంచి మాటలు, మంచి కౌన్సెలింగ్ రెండు వైపులా ఉన్నాయి. తేడా మాత్ర దగ్గరే వచ్చింది.

నలభై మంది మీద చేసిన పరీక్షను పట్టుకుని ఎలా నమ్మాలి అని అడగొచ్చు, అడగాలి కూడా. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లోనే చాలా దేశాల పరిశోధనలను కలిపి లెక్కగట్టారు. మెథడోన్ చికిత్సలో ఉన్నప్పుడు వెయ్యి మందికి ఏడాదికి సుమారు 11 మంది చనిపోతే, చికిత్స మానేసినప్పుడు 36 మంది. బ్యుప్రెనార్ఫిన్‌లో ఉన్నప్పుడు 4, మానేస్తే 9 దాకా. ఈ రెండు మందులనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. మన దేశంలో ఇంజక్షన్లు తీసుకునేవాళ్ల కోసం ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కేంద్రాల్లో ఇవి ఉన్నాయి. పంజాబ్ 2017 నుంచి ప్రత్యేక ఔట్‌పేషెంట్ క్లినిక్కులు పెట్టి బ్యుప్రెనార్ఫిన్ ఇస్తోంది.

తెలుగు రాష్ట్రాల్లో హెరాయిన్ సమస్య పంజాబ్ అంత లేదు, ఒప్పుకోవాలి. కానీ ట్రమడాల్, టాపెంటడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్పులు అన్నీ అదే కుటుంబం. మెడికల్ షాపులో చీటీ లేకుండా దొరికేదాన్ని ఇంట్లోవాళ్లు మత్తు అనుకోరు.

కౌలాలంపూర్ మస్జిద్‌లో మెథడోన్

"ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మత్తా? ఇది జాయెజేనా?" ఈ ప్రశ్న మన ఉలమా దగ్గరా వస్తుంది, మామూలు నమాజీ దగ్గరా వస్తుంది. తోసిపుచ్చాల్సిన ప్రశ్న కాదు ఇది. ముందు వైద్యం వైపు జవాబు: బ్యుప్రెనార్ఫిన్ మెదడులో అదే తాళానికి సరిపోయే తాళంచెవి, కానీ తలుపును సగమే తెరుస్తుంది. ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా ప్రభావం పెరగదు. సరైన మోతాదు మీద ఉన్నవాడు మత్తులో తూలడు. పనికెళ్తాడు, ఆటో నడుపుతాడు, పిల్లల ఫీజు కడతాడు. వణుకు, ఒళ్లు నొప్పులు, కోరిక లేకపోవడం వల్ల మిగతా బతుకును సర్దుకోవడానికి టైం దొరుకుతుంది.

షరియా వైపు జవాబు చెప్పాల్సింది ముఫ్తీలే, డాక్టర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి. అయితే ఈ దారిలో మనకన్నా ముందు నడిచిన ముస్లిం దేశాలున్నాయని తెలుసుకోవాలి. మలేషియాలో 2008లో ఒక పరీక్ష జరిగింది. మువార్ పట్టణంలో డీటాక్స్ అయిన 126 మందిని మూడు గుంపులు చేసి బ్యుప్రెనార్ఫిన్, నాల్‌ట్రెక్సోన్, ఉత్తి మాత్ర ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగికీ తెలియదు, డాక్టర్‌కీ తెలియదు. బ్యుప్రెనార్ఫిన్ మిగతా రెండింటికన్నా మెరుగని ముందే తేలిపోవడంతో మధ్యలోనే ఆపేశారు. తెలిసి తెలిసి మిగతావాళ్లకు తక్కువ చికిత్స ఇవ్వడం తప్పు కాబట్టి.

ఆ దేశంలోనే ప్రభుత్వం పెద్ద పెద్ద నిర్బంధ కేంద్రాలు నడిపేది. పోలీసులు పట్టుకొచ్చి లోపల పెట్టేవారు. మన "సెంటర్ల"కు ప్రభుత్వ రూపం అనుకోండి. అక్కడి నుంచి విడుదలైనవాళ్లను, తమంతట తాము మెథడోన్ చికిత్సకు వచ్చినవాళ్లను పోల్చి 2016లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నిర్బంధం నుంచి వచ్చినవాళ్లలో సగం మంది 31 రోజుల్లో మళ్లీ వాడారు. స్వచ్ఛంద చికిత్సవాళ్లలో సగం మంది ఆ గీత దాటడానికి 352 రోజులు పట్టింది. నెలకూ ఏడాదికీ ఉన్న తేడా. ఇందులో ఒక మెలిక లేకపోలేదు. తనంతట తాను వచ్చినవాడికి మానాలన్న కోరిక ముందే ఎక్కువగా ఉండొచ్చు, కాబట్టి తేడా అంతా మెథడోన్ వల్లే అనలేం. ఆ మెలికను తీసేసినా, బంధించడం వల్ల లాభం ఉందనడానికి మాత్రం అందులో ఏ ఆధారమూ దొరకదు.

మలేషియా అక్కడితో ఆగలేదు. మలయా విశ్వవిద్యాలయం వ్యసన విభాగం డాక్టర్లు, ప్రభుత్వ ఇస్లామీ వ్యవహారాల శాఖ కలిసి కౌలాలంపూర్‌లోని అర్-రహ్మాన్ మస్జిద్‌లో మెథడోన్ ఇచ్చే కార్యక్రమం మొదలుపెట్టారు. మందు తీసుకోవడానికి వచ్చినవాడు నమాజు చేసుకుంటాడు, దీనీ తాలీమ్ వింటాడు, డాక్టర్‌ను కలుస్తాడు. మస్జిద్ గేటు దగ్గర "వీడు నషేబాజ్" అని తరిమేసే చోటు నుంచి, లోపలికి పిలిచి మందు చేతిలో పెట్టే చోటుకు ఆ సమాజం వెళ్లింది. ఇరాన్‌లో న్యాయ వ్యవస్థ అధిపతిగా ఉన్న ఆయతుల్లా షహ్రూదీ 2005 జనవరిలోనే మెథడోన్ చికిత్సకు అడ్డు రావద్దని జడ్జిలకు ఉత్తర్వు రాశారు. మన దగ్గర ఏ మస్జిద్ కమిటీ అయినా కనీసం నెలకోసారి ఒక డాక్టర్‌ను కూర్చోబెట్టాలని అనుకుందా?

కల్లు, సారా, రంజాన్ మొదటి వారం

ఇక మన రాష్ట్రాల అసలు సమస్య దగ్గరికి వద్దాం. ఇక్కడ ఎక్కువ ఇళ్లు కూల్చేది మద్యం, దానితో పాటు కల్తీ కల్లు. కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలపడం తెలంగాణలో పాత రోగం. 2015 సెప్టెంబర్‌లో కల్తీ మీద దాడులు జరిగి సరుకు ఆగిపోగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు పరుగెత్తారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు మూయగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు అలాంటి క్యూలే కట్టాయి. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది.

తాగితే చావు సరే, ఆపితే ఆసుపత్రి ఎందుకు? ఎక్కువ ఏళ్లు, ఎక్కువ మోతాదులో తాగినవాడి మెదడు మద్యానికి ఎదురుగా నిరంతరం గ్యాస్ పెడల్ తొక్కుతూ ఉంటుంది. బ్రేకులాంటి మద్యాన్ని హఠాత్తుగా తీసేస్తే బండి అదుపు తప్పుతుంది. మొదటి రెండు రోజుల్లో వణుకు, చెమటలు, ఫిట్స్. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతిభ్రమ, లేనివి కనబడటం, జ్వరం. దీన్ని డెలిరియం ట్రెమెన్స్ అంటారు, చికిత్స లేకపోతే ప్రాణం పోవచ్చు. అల్ప్రాజోలం ఆపినా ఇలాగే అవుతుంది. ఆసుపత్రిలో డయాజెపాం కుటుంబం మందులను లెక్కగా తగ్గిస్తూ, థయామిన్ అనే విటమిన్ ఇస్తూ దీన్ని సులువుగా దాటిస్తారు.

మన ఇళ్లకు దీనితో సూటిగా సంబంధం ఉంది. ఏడాదంతా తాగేవాడు కూడా రంజాన్ చంద్రుడు కనబడగానే మానేస్తాడు. ఆ నియ్యత్ గొప్పది. కానీ రోజూ తాగితే తప్ప చేతుల వణుకు ఆగని మనిషి మొదటి రోజా నాడు ఒక్కసారిగా ఆపితే, మూడో రోజాకు అతను తరావీహ్‌లో ఉండాల్సింది పోయి ఎమర్జెన్సీ వార్డులో ఉండొచ్చు. ఇంట్లోవాళ్లు నీరసం అనుకుంటారు, లేనివి కనబడుతుంటే అసర్ అనుకుంటారు. షాబాన్ నెలలోనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి లెక్కగా మాన్పిస్తే ఆ రంజాన్ అతనికి నిజంగా మొదలు అవుతుంది. రోగికి రోజా విషయంలో దీన్ ఇచ్చిన సడలింపు అందరికీ తెలిసిందే, ఇతనూ రోగే. ఇప్పటికే చికిత్సలో ఉన్నవాడు రోజా కోసం మాత్ర తనంతట తాను ఆపేయకూడదు. బ్యుప్రెనార్ఫిన్ సాధారణంగా రోజుకోసారి నాలుక కింద పెట్టుకునే మాత్ర. డాక్టర్‌తో మాట్లాడితే ఇఫ్తార్ తర్వాతి వేళకు మార్చే వీలుంటుంది.

మద్యం మాన్పించే మందులూ ఉన్నాయి. నాల్‌ట్రెక్సోన్ తాగాలన్న కోరికను తగ్గిస్తుంది, అకాంప్రోసేట్ మానినవాడు నిలబడటానికి తోడ్పడుతుంది. మూడోది డైసల్ఫిరం, ఇది వేసుకుని తాగితే ఒళ్లంతా ఎర్రబడి వాంతులు, గుండె దడ. దీని గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. "తాగేవాడికి తెలియకుండా కూరలో కలిపి పెట్టండి" అని ప్రకటనలు ఇచ్చే పొడులు ఊరూరా అమ్ముతున్నారు. వాటిలో ఏం కలిపారో కొనేవాళ్లకు తెలియదు. డైసల్ఫిరం లాంటిది తెలియకుండా తిన్నవాడు సాయంత్రం నాలుగు పెగ్గులు వేస్తే బీపీ పడిపోయి ప్రాణాలే పోవచ్చు. పెట్టేది ప్రేమతోనే. కానీ మనిషికి చెప్పకుండా ఇచ్చేది వైద్యం కాదు.

గంజాయి, వహమ్, గొలుసు

పద్దెనిమిదేళ్ల కుర్రాడు. రాత్రుళ్లు నిద్రపోడు. ఎవరో తన గురించి మాట్లాడుకుంటున్నారంటాడు. తండ్రి చాయ్‌లో ఏదో కలిపాడంటాడు. గదిలో ఒక్కడే నవ్వుతాడు. ఇంట్లో ముందు వచ్చే మాట జిన్, లేదా ఎవరో చేయించారు. అతని జేబులో గంజాయి పొట్లం ఉన్న సంగతి ఎవరికీ తెలియదు.

స్వీడన్‌లో సైన్యంలో చేరడానికి వచ్చిన 45,570 మంది కుర్రాళ్లను 15 ఏళ్లు గమనించి 1987లో ఒక పరిశోధన ప్రచురించారు. పద్దెనిమిదేళ్లకే యాభైసార్లకు మించి గంజాయి తాగినవాళ్లకు స్కిజోఫ్రెనియా వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఆరు రెట్లు ఎక్కువ కనబడింది. తర్వాత 2019లో యూరప్, బ్రెజిల్‌లో 11 చోట్ల చేసిన పరిశోధనలో రోజూ తాగేవాళ్లకు మతిభ్రమ ముప్పు మూడు రెట్లకు పైగా, ఘాటైన రకం రోజూ తాగితే దాదాపు ఐదు రెట్లు అని తేలింది. గంజాయి తాగిన ప్రతివాడికీ పిచ్చెక్కదు, అలా భయపెట్టడం అబద్ధం. అబద్ధమని తెలిశాక కుర్రాళ్లు మనం చెప్పే నిజాన్నీ నమ్మరు. చిన్న వయసులో మొదలుపెట్టడం, రోజూ తాగడం, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉండటం, ఈ మూడూ కలిసినచోట ముప్పు ఎక్కువ.

గంజాయి మాన్పించడానికి ప్రత్యేకమైన మాత్ర ఇప్పటిదాకా లేదు. మాటలతో చేసే చికిత్సే దారి. భ్రమలు మొదలైతే మాత్రం సైకియాట్రిస్ట్ మందులు తప్పవు. మత్తునూ మానసిక జబ్బునూ ఒకే చోట, ఒకేసారి చూడాలి. "ముందు మానేయించి తీసుకురండి, తర్వాత జబ్బు చూస్తాం" అనే చోట రోగి మధ్యలో జారిపోతాడు.

దర్గాకు వెళ్లడం, దువా చేయించుకోవడం గురించి నేను ఎగతాళి చేయబోవడం లేదు. మనసుకు నెమ్మది ఇచ్చే చోటు అది, కుటుంబానికి నలుగురు తోడు దొరికే చోటు కూడా. కానీ 2001 ఆగస్టు 6ను మర్చిపోకూడదు. తమిళనాడులోని ఏర్వాడి దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు ఆశ్రమాల్లో ఒకదానికి ఆ తెల్లవారుజామున నిప్పంటుకుంది. లోపలున్నవాళ్లను గొలుసులతో కట్టేశారు. పారిపోలేక 28 మంది కాలిపోయారు. దువా కోసం తీసుకొచ్చి వదిలివెళ్లిన బిడ్డలు వాళ్లు.

గుజరాత్ వాళ్లు ఇంకో పద్ధతి చూపించారు. ఉనావాలోని మీరా దాతార్ దర్గాలో 2008లో "దవా-దువా" అని ఒక కార్యక్రమం మొదలైంది. దర్గా ఆవరణలోనే మానసిక వైద్యుడు కూర్చుంటాడు. ముజావర్లకు శిక్షణ ఇచ్చారు. వాళ్లు దువా చేస్తారు, చేసి "ఇప్పుడు డాక్టర్ సాబ్‌ను కూడా కలవండి" అని పంపుతారు. డాక్టర్ చెబితే వినని కుటుంబం ముజావర్ చెబితే వింటుంది. తర్వాత ఏర్వాడిలోనూ తమిళనాడు ప్రభుత్వం ఇదే పద్ధతి తెచ్చింది. దాదాపు పదకొండు శతాబ్దాల కిందట బల్ఖ్ నుంచి వచ్చిన అబూ జైద్ శరీరానికీ మనసుకీ కలిపి ఒక వైద్య గ్రంథం రాసి, మనసు జబ్బుకూ వైద్యం చేయించుకోవాలని వాదించాడు. ఇది మనకు కొత్త చదువేమీ కాదు.

గోవా చెప్పిన సంగతి

డాక్టర్లు ఎక్కడున్నారు సార్, మా మండలంలో సైకియాట్రిస్టే లేడు అంటారు. నిజం. దీనికి జవాబు వెతుకుతూ గోవాలో సంగత్ అనే సంస్థ చేసిన పరిశోధన 2017లో లాన్సెట్‌లో వచ్చింది. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, హానికరంగా తాగే 377 మంది మగవాళ్లు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దానితో పాటు ఒక కౌన్సెలర్‌తో నాలుగుసార్ల దాకా మాటలు. ఆ కౌన్సెలర్లు డాక్టర్లు కారు, సైకాలజీ చదివినవాళ్లూ కారు. శిక్షణ పొందిన మామూలు మనుషులు. మూడు నెలల తర్వాత చూస్తే కౌన్సెలింగ్ పొందినవాళ్లలో 36 శాతం ప్రమాద స్థాయి నుంచి బయటపడ్డారు, మిగతావాళ్లలో 26 శాతం. గత రెండు వారాల్లో అసలు ముట్టనివాళ్లు 42 శాతం, అవతల 18. ప్రమాద స్థాయి నుంచి బయటపడ్డవాళ్ల లెక్కలో తేడా ఏడాదికి ఇంకా పెరిగింది, 54 శాతానికి 32.

గొప్పలు చెప్పుకోనక్కర్లేదు. మానకుండా తాగుతూనే ఉన్నవాళ్లు తాగే మోతాదును ఈ మాటలు తగ్గించలేకపోయాయి. పూర్తిగా బానిసైనవాళ్లను ఈ పరీక్షలో చేర్చనే లేదు, వాళ్లకు ఆసుపత్రే కావాలి. అయినా మునిగిపోకముందు పట్టుకోవడానికి పెద్ద డిగ్రీ అక్కర్లేదన్నది ఇక్కడ రుజువైంది. నా అభిప్రాయం చెప్పాలంటే, మస్జిద్ కమిటీలు జల్సాలకు పెట్టే ఖర్చులో కొంత ఇద్దరు యువకులకు, ఇద్దరు ఆడవాళ్లకు ఇలాంటి శిక్షణ ఇప్పించడానికి పెట్టాలి. ఆడవాళ్లు ఎందుకంటే ఇంట్లో సంగతి ముందు తెలిసేది వాళ్లకే, పైగా నిద్ర మాత్రలకు అలవాటుపడి ఎవరికీ చెప్పుకోలేని ఆడవాళ్లు కూడా ఉన్నారు.

మళ్లీ తాగితే? తాగొచ్చు. 2000లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం చికిత్స తర్వాత ఏడాదిలో 40 నుంచి 60 శాతం మంది మళ్లీ జారతారు. బీపీ, ఆస్తమా రోగులు మందు మానేసి మళ్లీ ఆసుపత్రికి వచ్చే లెక్క కూడా ఇంచుమించు అంతే. షుగరు పెరిగితే "నీ మీద పెట్టిన డబ్బు దండగ" అని ఎవరూ అనరు కదా.

చట్టం గురించి రెండు ముక్కలు. 2018 మే నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితినీ జబ్బు కిందే లెక్కిస్తుంది. గొలుసులతో కట్టడం ఎక్కడైనా సరే నేరం. అలాగే మాదకద్రవ్యాల చట్టంలో 64ఎ అని ఒక సెక్షన్ ఉంది. కొద్ది మోతాదుతో దొరికిన, లేదా వాడినందుకు కేసు అయిన బాధితుడు తనంతట తాను ఆసుపత్రిలో చికిత్సకు చేరి పూర్తిచేస్తే అతన్ని ప్రాసిక్యూట్ చేయకూడదు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. కేసు అయిన కుటుంబాలు లాయర్‌ను ముందు అడగాల్సింది ఇదే, చాలామందికి ఈ సెక్షన్ పేరే తెలియదు.

ఏ సెంటర్‌కైనా వెళ్లేముందు గేటు దగ్గరే అడగండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్టరైందా? సైకియాట్రిస్ట్ ఏ రోజుల్లో వస్తాడు, పేరేంటి? ఫిట్స్ వస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? ఏ మందు ఇస్తున్నారో చీటీ రాసిస్తారా? కొడుకును కలవనిస్తారా, ఫోన్‌లో మాట్లాడనిస్తారా? డిశ్చార్జి అయిన మర్నాటి నుంచి ఏం చేయాలి, ఎవరిని కలవాలి? చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే మిగతావాటికి ఎంత చక్కగా చెప్పినా ఇంకో చోటు చూసుకోండి.

మత్తు విడిపించే సలహాకు కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబర్ 14446. మనసు బాగోలేకపోతే టెలి మానస్ నంబర్ 14416, ఇందులో తెలుగులోనే మాట్లాడొచ్చు, పేరు చెప్పనక్కర్లేదు. తాగేవాడే ఫోన్ చేయాలని లేదు. అమ్మీ చేసినా, భార్య చేసినా, చెల్లెలు చేసినా వాళ్లు మాట్లాడతారు.